దేవుడు మనం అనుకున్నట్టు ఉంటాడా, తానున్నట్టు ఉంటాడా: ఏది మేలు?

ఈ ఏడాది మా సంఘ యౌవనస్థుల కూడికలో ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతోంది. "అన్నా, దేవుడు నిజంగా ఒకలా ఉంటాడా, లేక మనం ఎలా అనుకుంటే అలా ఉంటాడా?" హాస్టల్లో రూమ్‌మేట్ అడిగాడని ఒకరు, ఆఫీసులో భోజనాల దగ్గర మాట వచ్చిందని ఇంకొకరు. కూడిక ముగిసే పది నిమిషాల్లో చెప్పగలిగింది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వాళ్లకు వినపడుతున్న జవాబులు ముఖ్యంగా మూడు. ఎవరు ఎలా తలిస్తే వారికి దేవుడు అలా ఉంటాడనేది ఒకటి. ఎక్కువమంది కలిసి ఒప్పుకున్నదే దేవుడి స్వరూపం అనేది రెండోది. మనం ఏమనుకున్నా ఆయన తానున్నట్టే ఉంటాడనేది మూడోది. కాలంతోపాటు దేవుడూ ఎదుగుతాడనే ప్రాసెస్ థియాలజీ కూడా ఉంది గానీ, మన కూడికల్లో దాన్ని ఎవరూ అడగరు. "యెహోవానైన నేను మార్పులేనివాడను" అన్న మలాకీ 3:6 ముందు అది నిలవదని మాత్రం చెప్పి వదిలేస్తాను.

మొదటి జవాబులో మంచి ఉంది. యద్భావం తద్భవతి అని చిన్నప్పటినుంచి వింటున్నాం కదా. ఆ మాట పక్కవాడి నమ్మకం మీద విరుచుకుపడనివ్వదు. దేవుణ్ణి నేను పూర్తిగా చూశానని ఎవరూ అనకూడదన్న వినయం అందులో ఉంది. అపొస్తలుడైన పౌలు కూడా ఇప్పుడు అద్దంలో చూసినట్టు మసకగా చూస్తున్నామనే అన్నాడు (1 కొరింథీ 13:12). అయితే ఆయన లెక్కలో ఆ మసక ఉన్నది అద్దంలోనే, ఎదుట ఉన్నవాడిలో కాదు. కళ్లజోడు తీస్తే మా అమ్మకు నా ముఖం ఆనదు. అంతమాత్రాన నా ముఖం చెరిగిపోదు.

ఈ దారిలో చివరిదాకా నడిచినవాడు జర్మన్ తత్త్వవేత్త ఫొయర్‌బాఖ్. మనిషి తన గుణాలనే పెద్దవి చేసి దేవుడని పిలుచుకుంటున్నాడని 1841లో వాదించాడు. ఆయన నాస్తికత్వం నాకు ఒప్పుకాదు. కానీ దేవుడంటే మన భావనే అయితే చివరికి మిగిలేది భావన ఒక్కటే అని తేల్చి చెప్పడంలో నిజాయితీ ఉంది. దేవుడూ కావాలి, ఆయన నా ఇష్టం వచ్చినట్టూ ఉండాలి అనేవాళ్లు అంతదూరం వెళ్లరు.

రెండో జవాబు మన ఫోన్లలోకి వాట్సాప్‌లో వస్తుంది: "325లో నైసియాలో బిషప్పులు ఓట్లు వేసి యేసును దేవుణ్ణి చేశారు." ఆ బిషప్పుల సభ జరిగిన నైసియా ఉన్నది ఇప్పటి టర్కీలోని బితూనియ ప్రాంతంలో. అదే ప్రాంతాన్ని ఏలిన రోమా అధిపతి ప్లినీ దాదాపు 112లో ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడుతున్నారని అందులో ఉంది. నైసియా సభకు రెండు వందల ఏళ్లకు పైగా ముందటి సంగతి ఇది. సభలో తేల్చుకున్నది వేరే సంగతి: కుమారుడు సృష్టించబడినవాడని అలెగ్జాండ్రియా సంఘపెద్ద అరియస్ చెప్పినదాన్ని ఒప్పుకోవాలా, తండ్రితో ఏకతత్త్వం గలవాడని ఒప్పుకోవాలా అన్నది.

పోనీ, ఓట్లే నిర్ణయించాయని అనుకుందాం. నైసియా తర్వాత గాలి తిరిగింది. కాన్‌స్టాంటియస్ చక్రవర్తి అరియస్ పక్షంవైపు మొగ్గాడు. నైసియా విశ్వాసాన్ని పట్టుకున్న అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్‌ను ఐదుసార్లు ఊరు దాటించారు. మళ్లీ 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా మాటనే నిలబెట్టింది. అంటే కుమారుడు 325లో దేవుడై, మధ్యలో తగ్గి, 381లో తిరిగి దేవుడయ్యాడా? పౌలు ఈ ప్రశ్నను ముందే అడిగాడు: కొందరు అవిశ్వాసులైనందున దేవుడు నమ్మతగినవాడు కాకపోవునా? (రోమా 3:3)

నాకైతే ఈ చరిత్ర కన్నా ఇంకొక సంగతి ముఖ్యం. నేను నమ్మిన దేవుడు నాకు ఎదురు చెప్పగలడా?

మత్తయి సువార్త 16వ అధ్యాయంలో యేసు తన శిష్యులను, జనులు నన్ను ఎవరని చెప్పుకుంటున్నారని అడిగాడు. బాప్తిస్మమిచ్చు యోహాను, ఏలీయా, యిర్మీయా అని వచ్చాయి జవాబులు. అన్నీ గౌరవమైన అభిప్రాయాలే, ఒక్కటీ సరిపోలేదు. శిష్యుడైన పేతురు, నీవు క్రీస్తువని సరిగ్గా చెప్పాడు, మెప్పు పొందాడు. కొద్ది వచనాల తర్వాత, క్రీస్తు అంటే సిలువ వేయబడేవాడు కాడని అదే పేతురు గద్దించబోతే "సాతానా, నా వెనుకకు పొమ్ము" అనిపించుకున్నాడు. పేతురు తలపులోంచి పుట్టిన క్రీస్తయితే ఆ మాట అనేవాడు కాదు.

నా సంగతి చెబుతాను. నాన్న పోయాక ఇంటి స్థలం పంపకాల్లో తమ్ముడికీ నాకూ మాటలు ఆగిపోయాయి. రెండేళ్లు. ఆ రెండేళ్లూ నేను ప్రార్థన మానలేదు, దేవుడు నా పక్షమేనని గట్టిగా నమ్మాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఒక ఆదివారం మత్తయి 5:23 చదివారు. నీ సహోదరునికి నీమీద విరోధమేమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అని ఉంది. తమ్ముడి మీద నాకున్న విరోధం మాట అక్కడ లేదు, వాడికి నా మీద ఉన్నదే ఉంది. ఎన్నోసార్లు చదివిన వచనమే, ఆ తేడా అప్పటిదాకా కనపడలేదు. రొట్టె తీసుకోకుండా లేచి బండి మీద నేరుగా వాడింటికి వెళ్లాను. నా మనసులో ఉన్న దేవుడు రెండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను పంపలేదు. "నేను కేవలము నీవంటివాడనని నీవనుకొంటివి" అన్న కీర్తన 50:21 ఆ రోజు నా గురించే రాసినట్టు అనిపించింది.

క్షమాపణ కూడా అంతే. దేవుడు నా భావనే అయితే, దేవుడు నన్ను క్షమించాడు అంటే నన్ను నేనే వదిలేసుకున్నానని అర్థం. బాకీ ఉన్నవాడు తన నోటు తానే చింపుకుంటే అప్పు తీరదు. అప్పిచ్చినవాడే చింపాలి.

అందుకే నేను మూడో జవాబు పక్షం. కానీ అది పట్టుకున్న మనకూ ఒక ప్రమాదం ఉంది. దేవుడు మారడు అంటూ నా అభిప్రాయం మారదు అని కూర్చుంటాం. సంఘంలో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతున్న వాళ్లం మనం. ఇందులోనూ పేతురే ముందు తప్పు దిద్దుకున్నాడు. యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో నిలబడి "దేవుడు పక్షపాతి కాడని నిజముగా గ్రహించి యున్నాను" అన్నాడు (అపొస్తలుల కార్యములు 10:34). దేవుడు ఆ రోజు పక్షపాతం మానుకోలేదు. పేతురుకు ఆ రోజు తెలిసింది.