సీబీపీ (రక్తకణాల పరీక్ష) అంటే ఇలా చెయ్యాలి (చైతన్యపురి ల్యాబ్, 4.5 స్టార్స్)

ఈ ల్యాబ్‌కి ఇన్ని స్టార్స్ ఇవ్వడానికి కారణం ఒక్కటే, మిషన్ ఇచ్చిన నంబర్లు అలాగే ప్రింట్ తీసి చేతిలో పెట్టరు, పాథాలజిస్ట్ మేడమ్ రక్తం చుక్క పూసిన స్లైడ్‌ని తనే కూర్చుని మైక్రోస్కోప్‌లో చూస్తారు.

మా అమ్మకి హిమోగ్లోబిన్ పడిపోతూనే ఉంది, ఐరన్ మాత్రలు వాడినా లేవట్లేదు, బీ12 చేయిస్తే నార్మల్, పైగా కాళ్ళు తిమ్మిర్లు, నడుస్తుంటే తూలడం. అంతకుముందు ఒక పెద్ద ల్యాబ్ వాళ్ళు ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళారు, వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది, నాలుగు చోట్ల ఎర్ర అంకెలు, అంతే. ఇక్కడ ఇస్తే సాయంత్రం మేడమే ఫోన్ చేశారు. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) బాగా తక్కువున్నాయి, స్లైడ్ మళ్ళీ చూశాను, అమ్మగారు రోజూ ఏమేం వేసుకుంటున్నారు, డాక్టర్ రాసినవే కాదు, అన్నీ చెప్పండి అన్నారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. కరోనా టైంలో మొదలుపెట్టిన జింక్ 50 ఎంజీ అమ్మ ఇంకా రోజూ వేసుకుంటోంది, ఇమ్యూనిటీకి మంచిదని, మెడికల్ షాప్‌లో అడగ్గానే ఇచ్చేస్తారు కదా.

విషయం ఏంటంటే జింక్ అంత డోసులో రోజూ లోపలికి పోతుంటే పేగు గోడ కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, అది మనం తిన్న కాపర్‌ని పట్టేసుకుంటుంది, ఆ కణాలు రాలిపోయినప్పుడు కాపర్ కూడా వాటితోనే బయటికి పోతుంది. కాపర్ లేకపోతే ఒంట్లో ఐరన్ ఉన్నా సరిగ్గా వాడకంలోకి రాదు, తెల్లకణాలు తగ్గుతాయి, నరాలు దెబ్బతింటాయి. బోన్‌మ్యారో తీసి చూసినా ఎండీఎస్ (మ్యారోలో రక్తకణాలు సరిగ్గా తయారవ్వని పెద్ద జబ్బు) అని పొరబడే అవకాశం ఉందట, అది విన్నప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. అమెరికా లెక్కల్లో పెద్దవాళ్ళకి జింక్ రోజుకి 40 ఎంజీ దాటకూడదు, కాపర్ కావాల్సింది 0.9 ఎంజీ మాత్రమే, ఆ కాస్తా అందకపోతే ఇంత పని.

మేడమ్ జబ్బు ఇదీ అని తేల్చి చెప్పలేదు, హెమటాలజిస్ట్‌ని (రక్తం జబ్బుల డాక్టర్) కలిసి సీరం కాపర్ (రక్తంలో కాపర్ ఎంతుందో చూసే టెస్ట్), సెరులోప్లాస్మిన్ (రక్తంలో కాపర్‌ని మోసే ప్రొటీన్) సంగతి అడగమన్నారు. రెండూ బాగా తక్కువొచ్చాయి. డాక్టర్ జింక్ ఆపించి కాపర్ మొదలుపెట్టారు, కొన్ని వారాలకి కౌంట్స్ పెరిగాయి, తిమ్మిర్లు మాత్రం ఇంకా ఉన్నాయి, నరాలు అంత తొందరగా కోలుకోవట, కొందరికి పూర్తిగా తగ్గవు కూడా. ఇంకొన్నాళ్ళు ఎవరూ అడక్కపోయుంటే ఏమయ్యేదో.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే పార్కింగ్ అస్సలు లేదు, సందులో బండి పెట్టడమే కష్టం, సీరం కాపర్ ఇక్కడ చెయ్యరు, బయటికి పంపిస్తారు కాబట్టి లేటవుతుంది.

వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే స్ట్రిప్పులు, ప్రొటీన్ డబ్బాలు, నాటు మందులు అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి. భస్మాల్లాంటివి వాడుతుంటే తప్పకుండా చెప్పండి, కొన్నిట్లో సీసం ఉంటుంది, అది ఒంట్లో పేరుకుంటే ఎర్రకణాల్లో నీలం చుక్కలు కనిపించొచ్చు, ముందే చెప్తే మేడమ్ వాటికోసం ప్రత్యేకంగా వెతుకుతారు.