మా ప్రతినిధి పంపే బడ్జెట్ లేఖలు: వాషింగ్టన్ రాష్ట్రం నుంచి ఒక సమీక్ష

వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ 2025 జనవరి 13న మొదలైన నాటి నుంచి మే నెలాఖరు దాకా, మా నియోజకవర్గ ప్రతినిధి ఒకరు ఈమెయిల్‌లో పంపిన లేఖలను నేను ఒక్కటీ వదలకుండా చదివాను. మొత్తం పదకొండు వచ్చాయి. మధ్యలో ఒక సాయంత్రం ఆయన ఫోన్ ద్వారా నిర్వహించిన సభలోనూ పాల్గొన్నాను. ఇది డబ్బు పెట్టి కొనుక్కునే సేవ కాదు గాని మనం కట్టే పన్నులతోనే నడుస్తుంది కాబట్టి, దీని మంచిచెడ్డలు చెప్పుకోవడం సమంజసమే. ప్రతినిధి పేరును, పార్టీని కావాలనే రాయడం లేదు. నేను తూచదలచుకున్నది లేఖలను మాత్రమే.

ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువారి కోసం ముందుగా ఒక మాట. ఈ రాష్ట్రంలో 49 నియోజకవర్గాలున్నాయి. ఒక్కోదానికి ఒక సెనేటర్, ఇద్దరు ప్రతినిధులు ఉంటారు, అంటే మన ఇంటి చిరునామాకు ముగ్గురు శాసనసభ్యులు జవాబుదారులన్నమాట. శాసనసభ వెబ్‌సైటులో చిరునామా ఇస్తే ఆ ముగ్గురి పేర్లూ వస్తాయి. వారి పేజీలలో లేఖలకు మన ఈమెయిల్ నమోదు చేసుకోవచ్చు. పౌరసత్వం అడగరు, ఓటు ఉందా అని అడగరు. నాకు ఇప్పటికీ ఇక్కడ ఓటు లేదు, అయినా నేను రాసిన ప్రశ్నకు వారి కార్యాలయం నుంచి సమాధానం వచ్చింది. మా ఊళ్లో ఎమ్మెల్యే గారి ఇంటి ముందు తెల్లవారకముందే అర్జీ పట్టుకుని నిలబడిన మా నాన్నగారికి ఈ సంగతి ఫోన్లో చెబితే, ఆయన రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నారు.

లేఖల్లో అన్నిటికన్నా మేలైనది జనవరిలో వచ్చిన రెండవది. రాష్ట్రం రెండేళ్లకు ఒకసారి బడ్జెట్ వేస్తుందని, అది ఒకటి కాదు మూడని, జీతాలకు, బడులకు, వైద్యానికి నిర్వహణ బడ్జెట్, భవనాలకు మూలధన బడ్జెట్, రోడ్లకు, ఫెర్రీలకు రవాణా బడ్జెట్ వేర్వేరుగా ఉంటాయని అందులో తేటగా చెప్పారు. తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నా ఈ తేడా నాకు అంత స్పష్టంగా తెలియదు. రోడ్డు గుంతల గురించి అడిగితే బడి నిధుల కొరత గురించి ఎందుకు మాట్లాడరో, పెట్రోలు పన్ను పెంచితే ఆ డబ్బు ఉపాధ్యాయుల జీతాలకు ఎందుకు వెళ్లదో అప్పుడు అర్థమైంది. రాబోయే నాలుగేళ్లలో లోటు 12 నుంచి 16 బిలియన్ డాలర్ల వరకు ఉండవచ్చని అప్పట్లో అంచనాలు వినిపిస్తుండగా, ఆ లోటు ఎందుకు వచ్చిందో ఆయన దాచకుండా రాశారు: వసూళ్లు అనుకున్నంత పెరగలేదు, ఇదివరకే ఒప్పుకున్న ఖర్చులు మాత్రం పెరిగాయి. నాలుగేళ్ల లెక్క సరితూగేలా బడ్జెట్ వేయాలన్న చట్టం ఈ రాష్ట్రంలో ఉందని, కనుక ఆ ఏడాది అప్పు చేసి గట్టెక్కడం కుదరదని కూడా వివరించారు.

అంతకంటే విలువైన విషయం ఇంకొకటి ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకు ఇచ్చే నిధులపై ఒక బిల్లు కమిటీ ముందుకు రాబోతోందని, ఆ విచారణకు నాలుగు రోజుల ముందే లేఖ వచ్చింది. మాట్లాడదలచినవారు గానీ, కేవలం అనుకూలమో వ్యతిరేకమో నమోదు చేయదలచినవారు గానీ విచారణకు గంట ముందు వరకు ఆన్‌లైన్‌లో పేరు ఇవ్వవచ్చని, విచారణ మొదలైన 24 గంటల లోపు రాతపూర్వకంగా కూడా పంపవచ్చని అందులో ఉంది. ఆ లేఖను మా వీధిలోనే ఉండే ఒక తెలుగు తల్లికి పంపాను. ఆమె కొడుక్కి ఏడేళ్లు. బడిలో ప్రత్యేక సహాయం అందుతుంది. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒకపక్క అన్నం వార్చుకుంటూ, ఎనిమిది వాక్యాలు రాసి మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాసి చివరికి ఆమె పంపింది. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు బడుల నిర్వహణ పరిధి) విద్యార్థుల్లో 16 శాతానికి మించి ఈ సహాయానికి నిధులు ఇవ్వకూడదన్న పాత పరిమితిని ఆ ఏడాది శాసనసభ ఎత్తివేసింది. ఆమె ఎనిమిది వాక్యాల వల్లనే ఇది జరిగిందని నేను అనను, కానీ సమయానికి లేఖ రాకపోయి ఉంటే ఆ వాక్యాలు రాష్ట్ర రాజధాని ఒలింపియాకు చేరేవి కావు. నిర్ణయం అయిపోయాక వచ్చే సమాచారం వార్త మాత్రమే అవుతుంది; నిర్ణయానికి ముందు వచ్చేదే సేవ అని నా అభిప్రాయం.

ఫోన్ సభ సుమారు గంట సేపు సాగింది. రాత్రి భోజనానికి కూర్చుంటుండగా ఫోన్ మోగింది. ప్రశ్న అడగాలంటే నక్షత్రం గుర్తు, తర్వాత 3 నొక్కమన్నారు. నొక్కాను గాని నా వంతు రాలేదు. వచ్చిన ప్రశ్నల్లో రెండు అద్దెల గురించి, మూడు బడుల గురించి. ఆస్తిపన్ను పెంపుపై ఏడాదికి ఒక శాతం అన్న పరిమితిని సడలించే ప్రతిపాదన గురించి ఒక పెద్దాయన కోపంగా అడిగితే, ప్రతినిధి ఆయన మాట పూర్తయ్యే వరకు ఆగి, తనకు తెలిసినంతలో చెప్పారు. చివరికి ఆ ప్రతిపాదన నెగ్గలేదు. సభ మర్యాదగా, నిదానంగా జరిగింది. అడగలేకపోయినవారు సందేశం వదిలితే సమాధానం పంపుతామన్నారు, పంపారు కూడా.

ఇక లోటుపాట్లు. గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ మే 20న సుమారు 77.8 బిలియన్ డాలర్ల నిర్వహణ బడ్జెట్‌పై సంతకం చేశాక వచ్చిన ఆఖరి లేఖ నన్ను నిజంగా నిరాశపరిచింది. జనవరిలో అంత ఓపికగా వివరించిన మనిషి, మన చేతి నుంచి డబ్బు పోయే చోటికి వచ్చేసరికి రెండు పేరాలతో సరిపెట్టారు. అక్టోబరు 1 నుంచి సాఫ్ట్‌వేర్ తయారీ, ఐటీ సేవలు, ప్రకటనలు, తాత్కాలిక సిబ్బందిని సమకూర్చడం వంటి సేవలపై అమ్మకపు పన్ను పడుతుందన్న మాటను ఒకే వాక్యంలో, అది కూడా పన్నుల విధానాన్ని ఆధునీకరించాం అన్న పదాల చాటున చెప్పారు. ఈ రాష్ట్రంలోని తెలుగువారిలో ఎంతమంది ఈ వృత్తుల్లో ఉన్నారో తెలిసినవారికి ఆ ఒక్క వాక్యం ఎంత బరువైనదో తెలుస్తుంది. మా బావమరిది ఇద్దరు ఉద్యోగులతో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతాడు. రాష్ట్రపు వాటా 6.5 శాతానికి స్థానిక పన్ను కలిస్తే మా ప్రాంతంలో అది పది శాతం దాటుతుంది కాబట్టి, 20,000 డాలర్ల పనికి అతని ఖాతాదారు అదనంగా 2,000 డాలర్లకు పైగా చెల్లించాలి. అప్పటికే కుదుర్చుకున్న ఒప్పందాల సంగతేమిటి, వేరే రాష్ట్రంలో ఉన్న ఖాతాదారుకు బిల్లు ఎలా వేయాలి అన్న ప్రశ్నలకు లేఖలో జవాబు లేదు. నేను కార్యాలయానికి రాస్తే రెండు రోజుల్లో సహాయకురాలు రెవెన్యూ శాఖ పేజీని పంపించి, మా బావమరిదితో ఫోన్లో కూడా మాట్లాడారు. ఆమె పనికి వంక పెట్టలేను. కానీ ఆ పేజీ చిరునామా లేఖలోనే ఉండాల్సింది.

పెట్రోలు పన్ను జులై 1 నుంచి గాలనుకు 49.4 సెంట్ల నుంచి 55.4 సెంట్లకు పెరుగుతుందని చెప్పారు. 2026 జులై నుంచి అది ఏటా రెండు శాతం చొప్పున పెరుగుతూ పోతుందని చెప్పలేదు. రాష్ట్ర ఉద్యానవనాల్లోకి కారు తీసుకెళ్లడానికి ఏటా కొనే డిస్కవర్ పాస్ 30 డాలర్ల నుంచి 45 డాలర్లకు పెరగడం ప్రస్తావనకే రాలేదు. అది చిన్న మొత్తమే గాని, వేసవిలో ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులను జలపాతాల దగ్గరికి తీసుకెళ్లే ప్రతి కుటుంబమూ కట్టేది. మంచి వార్తలకు మాత్రం చోటు దొరికింది: ఏడాదికి ద్రవ్యోల్బణానికి ఏడు శాతం కలిపినంత లేదా పది శాతం, వీటిలో ఏది తక్కువైతే అంతకు మించి అద్దె పెంచకూడదన్న కొత్త చట్టానికి సగం పేజీ కేటాయించారు. అద్దె ఇళ్లలో ఉన్న మనవాళ్లకు అది అవసరమైన సమాచారమే. అయితే అంత విపులంగా రాయగలిగిన చేయి పన్నుల దగ్గర ఎందుకు ముడుచుకుపోవాలి?

నా ప్రధాన ఫిర్యాదు ఇంకా చెప్పలేదు. పదకొండు లేఖల్లో ఎక్కడా, ఈ పన్నుల బిల్లులపై తాను ఎటు ఓటు వేశారో ఆయన రాయలేదు. తాను ప్రవేశపెట్టిన బిల్లుల జాబితా ఉంది, బడి పిల్లలతో దిగిన ఫోటోలున్నాయి, కానీ అవునా కాదా అన్న ఒక్క మాట లేదు. శాసనసభ వెబ్‌సైటులో ప్రతి ఓటు వివరమూ దొరుకుతుంది, నేను వెతికి తెలుసుకున్నాను. బిల్లు సంఖ్య తెలియనివారికి అది అంత సులువు కాదు. ఆయన ఓటుతో నేను ఏకీభవిస్తానా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఓటు వేసినవారే దానికి కారణం చెబితే వినాలని ఉంటుంది. జనవరిలో లోటు గురించి అంత నిజాయితీగా రాసిన మనిషి నుంచి ఆ కారణాన్ని కూడా నేను ఆశించాను.

అయిదింటిలో మూడున్నర మార్కులు ఇస్తాను. మొదటి మూడు నెలల లేఖలకు నాలుగున్నర, ఆఖరిదానికి రెండు. నమోదు చేసుకోదలచినవారు ఒక్కరి లేఖతో ఆగకుండా ముగ్గురివీ తెప్పించుకోండి. ఒకరు వదిలేసిన విషయం తరచు ఇంకొకరి లేఖలో దొరుకుతుంది. డిస్కవర్ పాస్ సంగతి నాకు అలాగే తెలిసింది. ఓటు వివరాలు కూడా లేఖలో ఉండాలని కోరుతూ జూన్‌లో కార్యాలయానికి రాశాను. సూచనను ప్రతినిధికి చేరవేశామని సహాయకురాలు జవాబిచ్చారు.