మా అక్క కూతురి స్లైడ్లను మళ్లీ పరీక్షించిన ల్యాబ్ గురించి

మా అక్క కూతురికి 19 ఏళ్లు. అండాశయంలోని గడ్డను ఆపరేషన్ చేసి తీశాక, మొదటి ల్యాబ్ దాన్ని క్లియర్ సెల్ కార్సినోమాగా (ఒక రకం అండాశయ క్యాన్సర్) రాసింది. అంత చిన్న వయసులో అది రావడం అరుదనీ, పైగా రక్తంలో, కొన్ని గడ్డలు విడుదల చేసే ప్రోటీన్ అయిన ఏఎఫ్‌పీ వేలల్లో ఉందనీ గమనించిన క్యాన్సర్ డాక్టరు గారు, బ్లాకులను (గడ్డ ముక్కలను మైనంలో భద్రపరిచిన దిమ్మలు), స్లైడ్లను (వాటి నుంచి కోసిన పలుచని పొరలున్న గాజు పలకలు) హైదరాబాద్‌లోని మరో ల్యాబ్‌లో చూపించమన్నారు. అక్కడ ఐదో రోజున తేలిన జబ్బు యోక్ శాక్ ట్యూమర్, అంటే బీజకణాల నుంచి పుట్టే అరుదైన క్యాన్సర్.

పేరు మార్చి రాసి వదిలేయకుండా, ఎందుకు మార్చారో రిపోర్టులో వివరించడం నాకు ఎంతో నచ్చింది. గడ్డ కణాల్లో ఏ ప్రోటీన్లు (మార్కర్లు) ఉన్నాయో రంగు వేసి చూశారు. బీజకణాల గడ్డను సూచించే శాల్‌4, గ్లిపికాన్-3 పాజిటివ్. ఏఎఫ్‌పీ అక్కడక్కడా పాజిటివ్. క్లియర్ సెల్ కార్సినోమాలో సాధారణంగా కనిపించే సీకే7, ఈఎంఏ నెగెటివ్. గ్లిపికాన్-3 కొన్ని క్లియర్ సెల్ కార్సినోమాలలోనూ కనిపిస్తుంది కనుక దాని ఒక్కదాని మీదే ఆధారపడలేదని స్పష్టంగా రాశారు. ఆక్ట్4, సీడీ30 కూడా నెగెటివ్ రావడంతో డిస్‌జెర్మినోమా, ఎంబ్రియోనల్ కార్సినోమా అనే ఇతర బీజకణ క్యాన్సర్లు కావని తేల్చారు.

మేము అడగ్గానే పాథాలజిస్టు గారు (కణజాలాన్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టరు) స్లైడును తెర మీద చూపించారు. నడుమ సన్నని రక్తనాళం, దాని చుట్టూ పూతలా కణాలు, అదంతా అవే కణాలు పరిచిన చిన్న ఖాళీలోకి పొడుచుకొచ్చి ఉంది. అదే షిల్లర్-డువాల్ బాడీ, యోక్ శాక్ ట్యూమర్‌కు గుర్తు. అది అన్ని కేసుల్లోనూ దొరకదని, దొరకనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదని చెప్పారు. క్లియర్ సెల్ కార్సినోమా, యోక్ శాక్ ట్యూమర్ల మధ్య గందరగోళం పాతదేనట: 1939లో షిల్లర్ మీసోనెఫ్రోమా అనే ఒకే పేరు కింద రెండింటినీ చేర్చగా, 1959లో టైలుమ్ యోక్ శాక్ ట్యూమర్‌ను ఎండోడెర్మల్ సైనస్ ట్యూమర్‌గా వేరుచేశారు. పాథాలజిస్టు గారు ఓపికగా ఇదంతా చెబుతుంటే, అంతవరకూ ఏడుస్తూనే ఉన్న అక్క మొదటిసారి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

రిపోర్టు మారడంతో మందులూ మారాయి. బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇస్తున్నారు. ఏఎఫ్‌పీ సుమారు ఐదు నుంచి ఏడు రోజులకు సగానికి తగ్గాలి కాబట్టి, చికిత్స పనిచేస్తోందో లేదో దానితోనే గమనిస్తున్నారు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కో మార్కర్‌కు విడిగా డబ్బు కట్టాలని కౌంటర్లో ముందుగా చెప్పలేదు. బ్లాకులు తిరిగి ఇవ్వడానికి మూడుసార్లు తిప్పారు, అందులో ఒకసారి వేరే పేషెంటు నంబరున్న బ్లాకు మా చేతికిచ్చారు. అక్కడికి వెళ్లేవారు బ్లాకుల నంబర్లను రిపోర్టుతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.