బోన్సాయ్‌కి వయసు చెబితే ఆధారం అడగండి: తొట్లకొండ దారిలో మా అనుభవం

భీమిలి రోడ్డు పక్కన ఒక నర్సరీలో మూరెడు ఎత్తు జువ్వి బోన్సాయ్‌కి, అంటే కుండీలో పొట్టిగా పెంచిన చెట్టుకి, 18,000 చెప్పారు. "నూట యాభై ఏళ్ల చెట్టు సార్, చూడండి మొదలు ఎంత లావో!" అన్నాడు అమ్మే అతను. మా బావ పుట్టి పెరిగింది కడియం నర్సరీల మధ్యనే. వంగి చూసి, "బాబూ, జువ్విని నేలలో వదిలేస్తే నాలుగేళ్లలో ఇంత మొదలు చేస్తుంది. కోసి కుండీలో పెట్టారు, అంతే" అన్నాడు. ఏళ్ల తరబడి ఎండకు మాను తెల్లబడిందని అమ్మే అతను చూపించిన చోట ఉలి గీతలు ఇంకా కనబడుతున్నాయి. పాత ఫొటో అయినా ఉందా అంటే, అతనికి కోపమొచ్చింది. కొనకుండా వచ్చేశాం. ఒళ్లు మండిపోయింది నాకు.

వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఒక జపాన్ తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. యమాకి కుటుంబం తరతరాలుగా సాకి, 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. హిరోషిమా బాంబును తట్టుకున్న చెట్టది. వయసంటే అలా, పెంచిన చేతులు తెలిసి ఉండాలి. అసలు ఈ కళ ఎంత పాతదో చెప్పడానికీ పురావస్తు తవ్వకాలే సాయపడ్డాయి. చైనాలో 706లో కట్టిన ఒక తాంగ్ యువరాజు సమాధిని 1971-72లో తవ్వితే, పళ్లెంలో రాళ్లూ చిన్న మొక్కలూ పట్టుకుని నడిచే పరిచారకుల బొమ్మ గోడ మీద బయటపడింది.

నర్సరీ నుంచి వెళ్లి, విశాఖ దగ్గరి పాత బౌద్ధ ఆరామం తొట్లకొండ ఎక్కాక మనసు కుదుటపడింది. మహాస్తూపం, విహారాల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద సముద్రం. 1988-93 తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఈ ఆరామం ఏ కాలానిదో చెప్పడానికి అలాంటివి చేతిలో ఉన్నాయి. ఇటుకలు పాతగా కనిపిస్తున్నాయి కదా అని ఎవరూ లెక్క కట్టలేదు. బావ ఆ నీటి తొట్ల దగ్గరే గంటసేపు ఉండిపోయాడు. మా ఆవిడ మాత్రం ఎండకు విసిగి కారులోంచి దిగలేదు. నీడ తక్కువ, ఉదయం తొమ్మిదిలోపే వెళ్లండి. సగం రోజుకు కారు 1,400 అయింది, దానికి న్యాయమే.

మేం దిగిన లాడ్జి మాత్రం వద్దు. ఫోన్లో 1,600 అన్నవాళ్లు, తాళం ఇచ్చేటప్పుడు ఏసీకి ఇంకో 400 అన్నారు. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకే. గది ఖాయం చేసుకునే ముందు మొత్తం ఎంతో మెసేజ్‌లో రాయించుకోండి. బోన్సాయ్ కొనాలంటే, ఏ ఏడు కుండీలోకి మార్చారో ఫొటోతో చూపించేవాళ్ల దగ్గరే కొనండి. వాళ్లు రెండు వేలు ఎక్కువ అడిగినా నేనైతే ఇస్తాను.