స్టిక్కర్ మీద 3 హెచ్‌పీ, టాంగ్ టెస్టర్‌లో ఒకటిన్నర

తిరుపతి రేణిగుంట రోడ్డులోని మా షెడ్డులో ఈ 50 లీటర్ల డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారు షాఫ్టుకే పంపు బిగించిన) కంప్రెసర్‌కు రెండో వేసవి కూడా దాటింది. టైర్లకు గాలి, ఇంపాక్ట్ గన్నుతో నట్లు విప్పడం, ఫిల్టర్లు ఊదడం... రోజూ ఇదే దాని పని. బ్రహ్మోత్సవాలప్పుడు కొండకు పోయే కార్లతో దానికీ మాకూ తీరిక ఉండదు. బ్రాండు పేరు చెప్పను, ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకటే బాపతు.

ట్యాంకు మీద ఎర్రటి స్టిక్కరు: 3 హెచ్‌పీ. మోటారు కింద, వంగి టార్చి వేస్తే గానీ కనపడని రేకు మీద: 1.1 కిలోవాట్. ఒక హెచ్‌పీ 746 వాట్లు, అంటే ఇది ఒకటిన్నర. అంగట్లోనే అడిగితే "అది పీక్ హెచ్‌పీ అన్నా, అందరూ అట్లనే వేస్తారు" అన్నాడు. ఒకటిన్నర ధరకైతేనే తీసుకుంటానని బేరమాడి తెచ్చినాను.

ఈ పీక్ లెక్క ఎట్ల పుడుతుందంటే, స్విచ్ వేసిన క్షణంలో మోటారు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. దాన్ని వోల్టులతో గుణించి హెచ్‌పీ అంటే ఎంతైనా రాసుకోవచ్చు. కానీ ఆ క్షణంలో షాఫ్టు ఇంకా తిరగడమే లేదు, అంటే బయటికొచ్చే పవరు సున్నా. కరెంటంతా వైండింగ్‌లో వేడైపోతుంది. ఇంకొందరు, మోటారు లోడుకు లొంగి ఆగిపోయే ముందు చూపే గరిష్ఠ బలాన్ని లెక్కేస్తారు. అట్ల రెండు నిమిషాలు నడిపితే కాలిన వాసనే.

ట్యాంకు 100 పీఎస్ఐ దగ్గరున్నప్పుడు టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెడితే 7.8 ఆంపులు చూపించింది. 230 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో పనికొచ్చే పాలు) 0.85, మోటారు సామర్థ్యం 72 శాతం వేసుకుంటే షాఫ్టు దగ్గర 1100 వాట్లు. రేకు అబద్ధం చెప్పలేదు. నిజం 3 హెచ్‌పీ అయ్యుంటే 15 ఆంపులు దాటాలి, 16 ఆంపుల ప్లగ్గుకు అది అంచు.

గాలి సంగతి కూడా అంతే. నిమిషానికి 180 లీటర్లని రాశారు. అది పిస్టన్ కదలికను బట్టి కట్టిన లెక్క, ట్యాంకులోకి చేరే గాలి కాదు. వాల్వులన్నీ మూసి 80 నుంచి 110 పీఎస్ఐకి ఎక్కేదాకా వాచీ చూస్తే నిమిషం పట్టింది. 30 పీఎస్ఐ అంటే రెండు వాతావరణ పీడనాలు, 50 లీటర్ల ట్యాంకుకు వంద లీటర్ల గాలి. రాసింది 180, ట్యాంకులో దిగినది వంద. కొనేముందు అంగట్లోనే ఈ పరీక్ష అడగండి, నవ్వితే నవ్వనీ.

సాయంత్రం వోల్టేజీ 190కి పడితే తిప్పే బలం మూడింట రెండు వంతులకు దిగుతుంది. అప్పుడు ట్యాంకులో ప్రెషర్ ఉంటే స్టార్టు కాక గుయ్యిమంటుంది. మే నెల మధ్యాహ్నం ఓవర్‌లోడ్ బటన్ ఎగిరిపోవడం మామూలే. కెపాసిటర్ ఒకసారి మార్చినాము, పిస్టన్ రింగులు బానే ఉన్నాయి.

పంక్చర్ అంగడికి, బైకు మెకానిక్‌కు నిశ్చింతగా తీసుకోవచ్చు. పెయింటింగ్ వాళ్లు మాత్రం దూరంగా ఉండండి. హెచ్‌వీఎల్‌పీ గన్ను (తక్కువ ప్రెషరుతో ఎక్కువ గాలి వాడే పెయింటు స్ప్రే) నిమిషానికి 250 లీటర్లకు పైనే అడుగుతుంది, దానికి బెల్టు డ్రైవు, త్రీఫేజు చూసుకోవాల్సిందే.