శ్రీలంక 2020 పార్లమెంటు ఎన్నికల నిర్వహణ: ఒక సమీక్ష

ఓటరుకు అందే సేవగా చూస్తే, 2020 ఆగస్టు 5న శ్రీలంక ఎన్నికల సంఘం జరిపిన పోలింగుకు నేను మంచి మార్కులే వేస్తాను. మార్చి 2న పార్లమెంటు రద్దయ్యాక ఏప్రిల్ 25న జరగవలసిన ఎన్నికలు కరోనా వల్ల మొదట జూన్ 20కి, ఆపై ఆగస్టుకు వాయిదా పడ్డాయి. మూడు నెలల్లో కొత్త సభ కొలువుదీరాలన్న రాజ్యాంగ గడువు దాటిపోతున్నా, రద్దయిన సభను అధ్యక్షుడు గొటబాయ రాజపక్స తిరిగి పిలవకపోవడం మాత్రం నాకు ఏమాత్రం మింగుడుపడని విషయం. పోలింగు కేంద్రాల ఏర్పాట్లు మాత్రం నిజంగా మెచ్చదగినవి: ముందుగా నమూనా పోలింగు జరిపి చూశారు, మాస్కు తప్పనిసరి చేశారు, ఎవరి పెన్ను వారే ఇంటి నుంచి తెచ్చుకోమన్నారు, లెక్కింపును మర్నాటి ఉదయం మొదలుపెట్టారు. అంత భయంలోనూ సుమారు 76 శాతం మంది ఓటేశారు.