ఎన్‌పీటీఈఎల్, ఇగ్నో సర్టిఫికెట్ కోర్సులు: కొన్నేళ్లు చదివాక నా అభిప్రాయం

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, కొన్నేళ్లుగా ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమంలో కోర్సులు చేస్తున్నాను. అంతకుముందు దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నోలో ఆరు నెలల సర్టిఫికెట్ ఒకటి పూర్తిచేశాను.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మీద ఉచితంగానే దొరుకుతాయి. సర్టిఫికెట్ కావాలనుకున్నవారే పరీక్ష రుసుము కట్టాలి. నేను రాసినప్పుడు అది కోర్సుకు 1000 రూపాయలు. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి పర్యవేక్షకుల ఎదుట రాసే పరీక్షకు 75. మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 30 వస్తేనే ఉత్తీర్ణత.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది, ఆ రెండు మార్కులనూ పత్రం మీద విడివిడిగా ముద్రించడం. అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. వాటిని దించేసినవాడికి 25కి 24 వచ్చినా, అసలు పరీక్షలో 75కి 33 దగ్గర బండి ఆగిపోతుంది, ఆ తేడా పత్రం చూసినవారికి ఇట్టే తెలిసిపోతుంది. నాలుగు రోజులు హాజరైతే చాలు రంగురంగుల పత్రం చేతిలో పెట్టే శిక్షణ కేంద్రాలు మా ఊళ్లోనూ లేకపోలేదు. వాటి మీద మార్కులే ఉండవు కనుక, ఇంటర్వ్యూ చేసేవారు చూసి పక్కన పెట్టేస్తారు.

చిక్కంతా క్రెడిట్ల దగ్గరే, అంటే ఆ కోర్సును డిగ్రీ లెక్కలో కలుపుకునే దగ్గరే. 12 వారాల కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు ఉంటాయి. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవడానికి యూజీసీ 2021 నిబంధనలు అవకాశమిచ్చాయి. అయితే ఆ కోర్సును విద్యార్థి చదివే సంస్థ ముందుగా ఆమోదించి ఉండాలి. మా పిల్లలు అంతా పూర్తయ్యాక పత్రం పట్టుకొచ్చి, “ఇది మార్కుల్లో కలుపుతారా సార్?” అని అడుగుతుంటారు. ఆ సంగతి చేరకముందే కళాశాలలో కనుక్కోవాలి.

ఇగ్నోది నిదానమైన దారి: అచ్చుపుస్తకాలు, చేత్తో రాసే అసైన్‌మెంట్లు, జూన్‌లోనో డిసెంబరులోనో పరీక్ష. మెళియాపుట్టి వైపు నుంచి వచ్చే నా విద్యార్థుల్లో ఫోన్‌లో వీడియో ఆగి ఆగి వస్తుందని చెప్పినవారికి ఇదే నయమన్నాను.

ఎన్‌పీటీఈఎల్‌కు రుసుము కట్టే ముందు పరీక్ష తేదీ, ఊరు చూసుకోవాలి. ఉదయం విడత 9 గంటలకే మొదలవుతుంది. కేంద్రం విశాఖలో పడితే మా ఊరికి దగ్గరి రైల్వే స్టేషన్ ఆమదాలవలసలో తెల్లవారకముందే రైలెక్కాలి.